మంగతాయారు వ్యానుకి అడగని వడ్డన

మంగతాయారుగారి చేతి అన్నం తినని వాళ్ళు మా అగ్రహారంలో తక్కువ. తిన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. "ఇంకొంచెం వెయ్యనా?" అని ఆవిడ ఎవరినీ అడగదు. విస్తట్లో ఖాళీ కనబడితే చాలు, గరిటె దిగిపోతుంది. వద్దని చెయ్యి అడ్డం పెడితే పప్పు చేతి మీదే పడుతుంది.

"అడిగి పెడితే కొట్టు, అడక్కుండా పెడితే ఇల్లు" అంటుంది ఆవిడ.

ఆవిడ నడిపేదీ కొట్టే. కాకపోతే తినబోయేముందు చెప్పిన రేటే తిన్నాకా తీసుకుంటుంది. మారు వడ్డనకి పైసా వెయ్యదు. ఆకలితో లేచినవాడు కళ్ళలో మెదిలితే ఆ రాత్రి నిద్ర పట్టదంటుంది. గిన్నె అడుగున ఒక గరిటెడు ఎప్పుడూ మిగులుస్తుంది. అది ఆలస్యంగా వచ్చేవాడిది. ఎవడూ రాకపోతే వీధి కుక్కది.

ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు నుంచి కోడలిగా వచ్చిందావిడ. భర్త సూర్యనారాయణగారు అప్పట్లో రొయ్యల మేత అమ్మే కొట్లో తూకం వేసేవారు. ఆయనకి మధ్యాహ్నం కేరేజీ పంపేది. ఆ కేరేజీ మూత తీస్తే వాసన పక్క బల్ల దాకా వెళ్ళేది. పక్కాయన రుచి చూసి రేపట్నుంచి నాకూ ఒకటి పంపమన్నాడు. అలా ఒక కేరేజీ పదయింది, సైకిలు ఆటో అయింది, చివరికి ఒక పాత ఓమ్ని వ్యాను కొన్నారు. సూర్యనారాయణగారికి మోకాళ్ళు పట్టేశాక ఆయన కూరలు తరగడం, ఈవిడ వ్యాను నడపడం. కనకాలపేట అవతల రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళకి రోజూ మధ్యాహ్నం అన్నం తీసుకెళ్తుంది.

ఆ వ్యాను గురించి కాస్త చెప్పాలి. దాని ఇంజను డ్రైవరు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే లోపలంతా బొట్లే. ఆయుధ పూజనాడు మంగతాయారుగారు గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, చెయ్యి అందినంత మేరా ఒక్క సామాను కూడా వదలదు. డైనమోకి బొట్టు, బ్యాటరీకి బొట్టు, పేరు తెలియని గొట్టాలకి కూడా బొట్టు. "పేరు తెలియకపోతే ఏం, పనిచేస్తోంది కదా పాపం" అంటుంది.

ఇక దాని హారను. గొంతులో ముల్లు ఇరుక్కున్న బాతు ఎలా అరుస్తుందో అలా ఉంటుంది. చెరువుల మీద ఎవరికీ గడియారం అక్కర్లేదు. గట్టు చివర ఆ బాతు అరిచిందంటే అన్నం వచ్చిందని వలలు వదిలేసి చేతులు కడుక్కుంటారు.

ఈమధ్య వ్యాను మొరాయించడం మొదలెట్టింది. తాళం తిప్పితే కిర్రుమని ఊరుకునేది. చెరువుల మీద కాపలా ఉండే లూయిస్ రోజూ నలుగురిని పోగేసి తోసేవాడు. "ముందు భోజనం, తర్వాత వ్యాయామం. మా డాక్టరు కూడా ఇంత బాగా చెప్పలేదండీ" అనేవాడు. నవ్వుతూనే తోసేవాడు. ఒక్కరోజు కూడా తప్పించుకోలేదు.

మొగమాటమనిపించి ఆవిడ వ్యానుని మెట్టకూరులో జేవియర్ షెడ్డులో పెట్టింది. జేవియర్ పనిమంతుడని పేరు. షెడ్డు ముందు దారినపోయేవాళ్ళకి మంచినీళ్ళ కుండ పెడతాడు, ఎండాకాలమైతే అందులో నాలుగు తులసాకులు కూడా వేస్తాడు. సాయంత్రానికి వాట్సాపులో కబురు పెట్టాడు: సెల్ఫ్ మోటారు విప్పి బాగుచెయ్యాలి, నాలుగున్నర వేలవుతుంది. "అలాగే నాయనా, కానియ్యి" అని ఈవిడ జవాబు చెప్పింది.

ఆ తర్వాత వ్యాను సంగతి లేదు. రోజూ ఆటో మాట్లాడుకుని వెళ్తోంది. ఆటో గట్టు ఎక్కదు. గిన్నెలు రోడ్డు మీద దింపితే లూయిస్ వచ్చి నెత్తిన పెట్టుకుని మోసేవాడు.

వారం తిరిగాక బుధవారం సాయంత్రం జేవియర్ ఫోను చేశాడు.

"అక్కగారూ, బండి రెడీ అండి. కొత్త పెళ్ళికూతుర్లా ఉంది. పదకొండు వేల ఎనిమిది వందలు పట్రండి."

మంగతాయారుగారు ఫోను పట్టుకుని నీళ్ళ గోలెం పక్కన కూలబడింది.

మర్నాడు గురువారం దుర్గాప్రసాద్ గారి చెరువుల్లో రొయ్యల పట్టుబడి. పట్టుబడంటే వలలవాళ్ళు, ఐసు లారీవాళ్ళు, తూకాలవాళ్ళు అందరూ ఒకేసారి దిగుతారు. అందరికీ భోజనం ఈవిడదే. పెద్ద గిన్నెలు ఆటోలో పట్టవు. వ్యాను లేకపోతే హోటలు వాళ్ళకి చెప్పేస్తానని ఆయన ముందే మర్యాదగా అన్నాడు. ఒకసారి హోటలు వాళ్ళు చెరువు దారి చూశారంటే మళ్ళీ వదలరు. పోనీ ఉన్నదంతా ఊడ్చి జేవియర్‌కి కట్టేద్దామంటే బియ్యం కొట్టాయనకి ఏమివ్వాలి?

"మనకి వ్యానూ దక్కాలి, బియ్యమూ దక్కాలి. ఏడుకొండల వెంకన్న ఏం చేస్తాడో చూద్దాం" అన్నారు సూర్యనారాయణగారు బెండకాయలు తరుగుతూ.

వెంకన్న శిరీషని పంపాడు. శిరీష ఆవిడ మేనకోడలు, పక్కింట్లోనే అద్దెకుంటుంది, ఒక ఫైనాన్సు ఆఫీసులో పని. సంగతి విని నడుముకి చున్నీ బిగించింది.

"అత్తా, నువ్వు భయపడకు. ముందు ఇంత అవుతుందని చెప్పాడు కదా? అది దాటితే నిన్ను అడిగి చెయ్యాలి. అడక్కుండా చేసేసి ఇంత కట్టమని దబాయించకూడదు."

"మరి చేసేశాడు కదే."

"అందుకే చెప్తన్నాను విను. ఒకటి, వాట్సాపులో పెట్టిన మాట చూపించు. రెండు, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు అడుగు. మూడు, తీసేసిన పాత సామాను చూపించమను. మార్చానన్నవాడి దగ్గర పాతది ఉండాలి కదా? నాలుగు, అప్పటికీ వినకపోతే పంతొమ్మిది పదిహేనుకి ఫోను కొట్టు. అది వినియోగదారుల నంబరు. తెలుగులోనే మాట్లాడొచ్చు."

"ఇన్ని నాకు గుర్తుండవే తల్లీ. సహస్రనామాలు వచ్చు గానీ ఇవి రావు."

"ముడేసుకో."

ఆవిడ చీర కొంగు అందుకుని ఒక్కో మాటకీ ఒక్కో ముడి వేసింది. సూర్యనారాయణగారు కత్తిపీట మీంచి తలెత్తి చూశారు.

"పెళ్ళిలో నేను వేసింది మూడే. నీకు నాలుగు కావాల్సొచ్చాయా?"

"మీరు వేసినవి మీ మాట వినడానికి. ఇవి నా మాట వినిపించడానికి" అంది ఆవిడ.

తెల్లారుతూనే పొయ్యి మీద పప్పుకి ఎసరు పెట్టి, ఆయన్ని కాపలా కూర్చోబెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మంగతాయారుగారు మెట్టకూరు వెళ్ళింది. జేవియర్ అప్పటికే షెడ్డు ఊడ్చి కుండ నింపుతున్నాడు. పక్కన టీ కొట్టు దగ్గర నలుగురైదుగురు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

"రండి అక్కగారూ. ముందు టీ తాగండి."

"టీ తర్వాత. ముందు ఇది" అని ఆవిడ మొదటి ముడి విప్పింది. "నువ్వే కదా నాలుగున్నరని పెట్టేవు? ఇదిగో, ఫోన్లో ఉంది చూడు."

"పెట్టేనండి. చెయ్యగా చెయ్యగా పని పెరిగిందండి."

"పెరిగితే నీ ఫోను ఏమైంది? గోదాట్లో పడిందా?"

జేవియర్ బుర్ర గోక్కున్నాడు. "అడిగితే మీరు వద్దంటారు కదండీ."

టీ కొట్టు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

"వద్దంటానని తెలిసే చేసేవా!"

"ఆ బ్రేకులతో మీరు గట్టు మీద తిరుగుతున్నారండి. నాకు బుర్ర తిరిగిపోయింది చూసి. ఏ రోజో చెరువులో దిగిపోయేవారు. పట్టుబడిలో రొయ్యలతోపాటు మిమ్మల్నీ తూకం వేసేవారండి బాబూ."

"నన్ను తూస్తే దుర్గాప్రసాద్ గారికి లాభమేలే" అంటూ రెండో ముడి విప్పింది. "దేనికెంతో రాసివ్వు."

జేవియర్ బిల్లు పుస్తకం ఎక్కడుందో కాసేపు వెతికి, దుమ్ము దులిపి రాశాడు. సెల్ఫ్ మోటారు నాలుగున్నర వేలు. కొత్త డైనమో, బిగింపుతో నాలుగు వేల రెండొందలు. బ్రేకులు పంతొమ్మిది వందలు. కొత్త హారను ఏడొందలు. బండి కడుగుడు అయిదొందలు.

"డైనమో మార్చేవా?"

"కొత్తదేసేనండి. పాతది కాలిపోయింది."

మంగతాయారుగారు వ్యాను తలుపు తీసి సీటు ఎత్తింది. తొంగి చూసింది. చూసి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది.

"జేవియరూ, నిన్ను మంచివాడివనుకున్నాను. మార్చేనన్నావు. మరి డైనమో మీద నేను పెట్టిన బొట్టు అలాగే ఉందేంటి?"

టీ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి. మార్చని సామానుకి డబ్బులడిగాడంటే మెకానిక్కుకి అంతకన్నా పెద్ద మాట లేదు. జేవియర్ మొహం కందిపోయింది.

"అది మీది కాదండి" అన్నాడు. "నేను పెట్టేను."

"నువ్వా? ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడివి, నువ్వు బొట్టు పెట్టేవా?"

"మరేం చెయ్యమంటారండీ. చుట్టూ అన్నిటికీ బొట్టుంది, కొత్తదానికొక్కదానికీ లేదు. పేరంటానికి పిలిచి బొట్టు పెట్టడం మర్చిపోయినట్టుందండి. మీరు సీటెత్తి చూస్తే మనసు కష్టపెట్టుకుంటారని పక్క కొట్లో కుంకం పొట్లం కొన్నాను. దానికి బిల్లెయ్యలేదు."

ఆవిడ నమ్మాలో వద్దో తెలియక కొంగు పట్టుకుంది. మూడో ముడి చేతికి తగిలింది.

"అయితే పాతది చూపించు."

జేవియర్ షెడ్డు లోపలికి వెళ్ళాడు. మేరీమాత పటం కింద చిన్న అల్మారా ఉంది. అందులోంచి ఉతికిన గుడ్డలో చుట్టిన మూట తెచ్చి, రెండు చేతులతో ఆవిడకందించాడు. విప్పితే పాత డైనమో. దాని మీద గంధం, గంధం మీద కుంకుమ, రెండూ కాలి బొగ్గులా నల్లబడ్డాయి. పక్కనే అరిగిపోయిన బ్రేకు షూలు, వాటి పక్కన ఆ పాత హారను.

"బొట్టున్నదాన్ని పాత ఇనుము బుట్టలో ఎలా పారేస్తానండీ? అందుకే అమ్మగారి కింద పెట్టేను" అన్నాడు.

మంగతాయారుగారు మళ్ళీ సీటు ఎత్తి చూసింది. ఈసారి కళ్ళు పెట్టి చూసింది. ఆవిడ బొట్టుకి కింద గంధం ఉంటుంది. ఈ బొట్టుకి గంధం లేదు. పైగా పదిరూపాయల బిళ్ళంత ఉంది, ఒక పక్కకి ఒరిగింది. జన్మలో మొదటిసారి బొట్టు పెట్టినవాడి బొట్టు అది.

ఆవిడ మేరీమాత పటం వైపు తిరిగి లెంపలు వేసుకుంది. తర్వాత జేవియర్ వైపు తిరిగింది.

"తప్పు మాటన్నాను నాయనా. నువ్వు దొంగవి కావు. పనీ బాగా చేసేవు."

జేవియర్ మొహం వెలిగింది. "అయితే పదకొండు వేల..."

"ఆగు. దొంగవి కాకపోతే సరిపోద్దా? అడగాలా వద్దా?"

జేవియర్‌కి ఇప్పుడు రోషం వచ్చింది. నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"అక్కగారూ, మీరు నన్నంటున్నారు గానీ, మీరెప్పుడైనా అడిగి వడ్డించేరా? మా తమ్ముడి పెళ్ళికి వంట మీదే. వద్దు మొర్రో అంటున్నా నాకు మూడుసార్లు పులిహోర వేసేరు. నేనూ అంతేనండి. బండి మన గుమ్మంలోకొచ్చింది, ఆకలితో ఉంది. అడుగుతూ కూర్చుంటామా? వడ్డించేశాను!"

టీ కొట్టు మొత్తం గొల్లుమంది. "కొట్టేడ్రా జేవియరు!" అని ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు.

మంగతాయారుగారు కూడా నవ్వింది. నవ్వు ఆపుకుని అడిగింది.

"ఆ పులిహోరకి డబ్బులడిగేనా?"

"లేదండి."

"నువ్వు అడుగుతున్నావా?"

జేవియర్ నేల చూపులు చూశాడు. "ఆయ్."

"అదీ సంగతి. ఊరికే పెట్టేవాడు అడగక్కర్లేదు. డబ్బులడగాలనుకున్నవాడు ముందు మాట అడగాలి. నాలుగున్నరకి ఒప్పుకున్నాను, నాలుగున్నర ఇదిగో. నా తాళం ఇవ్వు."

"మరి మిగతా సామానో? నేను డబ్బులు పోసి తెచ్చేనండి. నేనూ పిల్లలు గలవాడినే."

ఆవిడ మొహం మెత్తబడింది. వ్యాను మెట్టు మీద కూర్చుంది.

"సరే. అయితే ఇప్పుడడుగు."

"ఏమని?"

"డైనమో మార్చమంటారా అని."

"మార్చేసేను కదండీ!"

"అయినా అడుగు. ఖరీదు చెప్పి మరీ అడుగు."

జేవియర్ టీ కొట్టు వైపు దీనంగా చూశాడు. అక్కడ ఎవరూ జాలిపడలేదు. "అడగరా, అడుగు" అన్నారు. అతను చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు అడిగాడు.

"అక్కగారూ, పాత డైనమో కాలిపోయిందండి. కొత్తది మూడు వేల ఆరొందలు, బిగింపు ఆరొందలండి. మార్చమంటారా?"

"సామాను ఖరీదిస్తాను. బిగింపు నువ్వు అడగనందుకు జరిమానా. మార్చు."

"ఆయ్. బ్రేకులు పంతొమ్మిది వందలండి. మార్చమంటారా?"

"నా ప్రాణం కాపాడేవు. అందులో తగ్గించను. మార్చు."

"కడుగుడు అయిదొందలండి."

"నువ్వు కడిగినందుకు బయట బంపరు మీద నేను పెట్టిన బొట్లన్నీ పోయాయి. అది నువ్వే నాకివ్వాలి. వద్దు."

"హారను ఏడొందలండి. మంచి కంపెనీదండి, లారీ కూడా తప్పుకుంటుంది."

"వద్దు."

"అక్కగారూ, పాతది హారను కాదండి, ఆర్తనాదం."

"ఆ ఆర్తనాదం వింటేనే చెరువు మీదవాళ్ళు అన్నానికొస్తారు. కొత్తది కొడితే ఎవడో కలెక్టరొచ్చాడని పారిపోతారు. నాది నాకు పెట్టు."

జేవియర్ నవ్వుతూ కొత్త హారను విప్పి, పాతది తుడిచి బిగించాడు. డైనమో, బ్రేకుల డబ్బులు పట్టుబడి చెల్లింపు వచ్చాక రెండు విడతలుగా ఇచ్చేట్టు ఇద్దరూ ఒప్పుకున్నారు. అదే మాట బిల్లు మీద రాయించుకుని, ఆవిడ తాళం అందుకుంది. టీ కూడా తాగింది. బయల్దేరబోతుంటే జేవియర్ కిటికీ దగ్గరకొచ్చాడు.

"కొంగుకి ఇంకో ముడుందేంటండీ?"

"అదా? నీ మీద ఫిర్యాదు నంబరు. విప్పమంటావా?"

"వద్దండి, వద్దండి! అదలా ఉండనివ్వండి."

"చూశావా, అడిగితే ఎంత సుఖంగా ఉందో" అని ఆవిడ తాళం తిప్పింది. వ్యాను ఒక్క పిలుపుకే పలికింది.

ఆవిడ ఇంటికొచ్చేసరికి సూర్యనారాయణగారు పప్పు అడుగంటకుండా కాపాడి, వంకాయలు కూడా తరిగేసి, గిన్నెలకి మూతలు వెతికి పెట్టి ఉన్నారు. వ్యాను చప్పుడు విని వీధిలోకొచ్చి, భార్య కొంగు వైపు చూసి, మిగిలిన ముడి లెక్కపెట్టుకుని, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి దేవుడి దగ్గర దీపం వత్తి సరిచేశారు.

ఎండ నెత్తికెక్కే వేళకి దుర్గాప్రసాద్ గారి గట్టు చివర బాతు అరిచింది. వలలవాళ్ళు తలలెత్తారు. ఐసు లారీ మీదున్నవాళ్ళు దిగారు. హోటలు మాట ఎవరూ ఎత్తలేదు. వడ్డన మొదలయ్యేసరికి జేవియర్ కూడా బైకు మీద వచ్చాడు. ఎండలో సెల్ఫ్ ఎలా తీసుకుంటోందో చూసుకుందామని వచ్చానన్నాడు. దానికి బిల్లు లేదని కూడా తనే చెప్పాడు. ఆవిడ అతన్ని లూయిస్ పక్కన కూర్చోబెట్టింది.

పప్పు గిన్నె పట్టుకుని లూయిస్ దగ్గరకొచ్చి ఆవిడ ఆగింది. పొద్దుట జేవియర్ అన్నమాట మనసులో కదిలినట్టుంది.

"లూయిస్, ఇంకొంచెం పప్పు వెయ్యనా?"

లూయిస్ నోట్లో ముద్ద ఆగింది. వరసంతా ఆవిడకేసి చూసింది.

"ఒంట్లో బాగోలేదా అండీ?" అన్నాడు భయంగా.

"బాగానే ఉంది. అడుగుతున్నాను, అంతే. వెయ్యనా?"

"వద్దండి" అన్నాడు లూయిస్.

ఆవిడ ముందుకెళ్ళిపోయింది. లూయిస్ గరిటె వైపు, గిన్నె వైపు, దూరమవుతున్న ఆవిడ వైపు చూశాడు. పక్కనున్న జేవియర్‌తో గుసగుసగా అన్నాడు. "మొగమాటానికి వద్దన్నాన్రా. ఆవిడ నిజంగానే వెళ్ళిపోయింది. ఏం చేసేర్రా ఆవిడ్ని మీ షెడ్డులో?"

ఆ మాట ఆవిడ చెవిన పడింది. గిర్రున వెనక్కి తిరిగొచ్చి, అతను చెయ్యి అడ్డం పెట్టేలోగా రెండు గరిటెల పప్పు వేసింది. "అన్నానికి అడగడమేంటి నా మతి మండా! ఇంజనుకి అడగాలి గానీ" అనుకుంటూ వరసంతా ఎప్పట్లాగే వడ్డించేసింది.

జేవియర్‌ని మాత్రం ప్రతిసారీ ఆగి, అడిగింది.

"వంకాయ వెయ్యమంటారా జేవియర్ గారూ? ఖరీదేం లేదు. మజ్జిగ పొయ్యమంటారా? దీనికీ బిల్లు లేదు. పచ్చడండీ?"

"అక్కగారూ, బుద్ధొచ్చిందండి, వేసెయ్యండి" అని జేవియర్ విస్తరి ముందుకి తోశాడు.